అదుపులో ఉన్నవారి జాబితా

గత ఏడాది వానాకాలంలో మా ఊరి ఆరోగ్య కేంద్రానికి పరీక్షలు వచ్చాయి. మేము బడిలో పిల్లలకు పెట్టే పరీక్షల్లాంటివే. పైనుంచి ఇద్దరు నవంబరులో వస్తారు, రెండు రోజులుంటారు, గది గదికీ మార్కులు వేస్తారు. మందుల గదికి వేరు, కాన్పుల గదికి వేరు, చెత్తబుట్టల రంగులకు వేరు. అన్నీ కలిపి డెబ్బై శాతం దాటితే నాణ్యత సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చట్రం కట్టించి గోడకు తగిలించుకోవచ్చు.

ఈ సంగతి మా ఇంట్లో మొదట చెప్పింది మెర్సీ. భీమడోలు నుంచి కొల్లేటి వైపు వచ్చే రోడ్డు మీద ఉంటుంది మా ఊరు. నేను అక్కడి హైస్కూల్లో తెలుగు మాస్టారిని. మెర్సీ ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎమ్, ఇళ్ళకు తిరిగే నర్సు. తొమ్మిదేళ్ళుగా మా పక్క వాటాలో ఉంటోంది. ఆమె భర్త పేతురు కొల్లేటికోట అవతల చేపల చెరువుల మీద పని చేస్తూ వారానికి ఒకసారి వచ్చేవాడు. అతను రాని ఆదివారం మెర్సీ చర్చి నుంచి నేరుగా మా వంటింట్లోకి వచ్చేది. నన్ను అన్నయ్యా అనేది, నా భార్య సకీనాను వదినా అనేది. అవి పిలుపులు మాత్రమే కావు. మా అమ్మాయి మెహర్‌కు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు పక్కన కూర్చున్నది ఆమే.

జులైలో అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం.

"వదినా, ఈ పులుసులో ఉప్పు చూస్తుంటే మీ బీపీ సంగతి తరవాత, నా బీపీ పెరిగేట్టుంది" అంది మెర్సీ.

"కొల్లేటి పక్కన పుట్టినదాన్నమ్మా. చప్పిడి పులుసులో వేస్తే ఆ చేప నన్ను తిట్టుకుంటుంది" అంది సకీనా.

"తిట్టుకోనివ్వండి. మీ కార్డు రాసేది నేను, ఆ చేప కాదు."

సకీనాకు నాలుగేళ్ళుగా బీపీ ఉంది. నెలకోసారి మెర్సీ మిషను సంచిలో వేసుకుని వచ్చేది, చేతికి పట్టీ చుట్టి చూసేది, ఇంత ఉందని పచ్చ కార్డు మీద రాసేది, మాత్రలిచ్చి వెళ్ళేది. ఊళ్ళో అలాంటి కార్డులు ఉన్నవాళ్ళు మూడు వందల పద్నాలుగు మంది. వాళ్ళందరి అంకెలూ ఒక పెద్ద రిజిస్టరులో ఉండాలి. నూటికి ఎంతమందికి బీపీ అదుపులో ఉందన్నదానికి కూడా ఈసారి మార్కులు.

"ఒక్క రిజిస్టరా అన్నయ్యా, ఇరవై ఏడు" అంది మెర్సీ. "డాక్టరు గారు పొద్దున్నించీ ఫైళ్ళు కట్టమంటారు. మూడొందల మంది ఇళ్ళకి ఎప్పుడు తిరగను? సగం గడులు ఖాళీగానే ఉన్నాయి."

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను చాలా ఇన్‌స్పెక్షన్లు చూశాను. ఆ అనుభవంతో, చేపముల్లు తీసుకుంటూ చెప్పాను.

"గడి ఖాళీగా ఉంచకమ్మా. వచ్చినవాళ్ళకి నువ్వు నింపిన నూరు గడులు కనపడవు, ఖాళీగా ఉన్న ఒక్కటే కనపడుతుంది. ముందు నింపెయ్యి. తరవాత తీరిగ్గా సరిచూసుకోవచ్చు."

"మీ అన్నయ్య మాట నమ్మొచ్చు మెర్సీ" అంది సకీనా. "ఇన్‌స్పెక్షన్ రోజున ఊళ్ళో లేని పిల్లలు కూడా వాళ్ళ బళ్ళో ఉంటారు."

ముగ్గురం నవ్వుకున్నాం.

ఆగస్టు నెలంతా ఊరు ఆరోగ్య కేంద్రం పనిలోనే ఉంది. డాక్టరు ఫణికిరణ్ గారు కుర్రవాడు. మొదటి పోస్టింగు. స్వయంగా బడికి వచ్చి నన్ను అడిగాడు.

"మీ దస్తూరి గురించి ఊరంతా చెప్తున్నారు మాస్టారూ. గోడల మీద చార్టులు మీరే రాసిపెట్టాలండి."

సాయంత్రాలు బడి అయ్యాక వెళ్ళి రాశాను. చేతులు కడుక్కునే పద్ధతి, మందులు వేసుకునే వేళలు, రోగుల హక్కులు. హక్కులు పదకొండు. పదకొండూ ఒకే ఎత్తు అక్షరాలతో రాశాను. మంచాల మధ్య తెరలు లేకపోతే మార్కులు పోతాయని మెర్సీ అంటే, వాటిని సకీనా కుట్టింది. ఆకుపచ్చ గుడ్డ, పద్దెనిమిది తెరలు. రోజూ కుట్టుమిషను ముందు కూర్చునేది.

ఒకరోజు చార్టు ఆరేదాకా కూర్చుంటే డాక్టరు గారు నన్ను తన గదిలోకి పిలిచి బీరువా తెరిచాడు. అందులో అట్టపెట్టెలో కొత్త బీపీ మిషను ఉంది. దాని వెనక చిన్న స్టిక్కరు. సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించి అంటించారట.

"స్టిక్కరు ఉన్నది ఇదొక్కటే మాస్టారూ. వాళ్ళొచ్చేదాకా బయటికి తియ్యద్దని అందరికీ చెప్పాను. ఎవరైనా కింద పడేశారంటే నాలుగు మార్కులు పోతాయి."

మంచి జాగ్రత్త, అన్నాను. మా సైన్సు గదిలో మైక్రోస్కోపు కూడా అలాగే అట్టపెట్టెలో ఉంటుంది. మరి అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళకు దేనితో చూస్తారని నాకు తోచలేదు.

ఆ నెల మూడో వారంలో సకీనాకు తలనొప్పి మొదలైంది. లేవగానే తల వెనక భాగంలో వచ్చేది, పది గంటలకు కాస్త తగ్గేది. గూడెం టౌనులో ఉండి డిగ్రీ చదువుతున్న మెహర్ శనివారం ఇంటికి వచ్చి తల్లి ముఖం చూసి నా వైపు తిరిగింది.

"అబ్బా, అమ్మీని గూడెం తీసుకెళ్తాను. మా కాలేజీ పక్కనే మంచి డాక్టరున్నారు. పొద్దున్న పాసింజరుకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాం."

"కార్డు తీసుకురా" అన్నాను.

తెచ్చింది. జులైలో నూట ముప్పై, ఎనభై నాలుగు. ఆగస్టులో నూట ఇరవై ఎనిమిది, ఎనభై రెండు. ఆ అంకెల మీద వేలుపెట్టి చూపించాను. "చూశావా, తగ్గింది కూడా. మెర్సీ కంటే ఆ డాక్టరుకి మీ అమ్మ సంగతి ఎక్కువ తెలుసా?"

మెర్సీ అరుగు మీదే ఉంది. "ఆ పచ్చగుడ్డ మీద అలా కళ్ళు పెట్టుకు కూర్చుంటే తలనొప్పి రాకేం చేస్తుందే మెహరూ? మీ అమ్మకి ముందు కళ్ళద్దాలు మార్పించు" అంది.

మెహర్ ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయింది.

తరువాత సకీనాను అడిగాను. "మెర్సీ చూసింది కదా?"

"కార్డు పట్టుకెళ్ళి రాసిచ్చిందిలెండి. దానికి ఊపిరి తీసుకునే తీరిక ఉందా పాపం" అంది.

ఆ మాట నేను విన్నాను. అందులో ఏముందో ఆలోచించలేదు.

సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకు కొల్లేరు పొంగింది. నీళ్ళు తీసినా రోడ్డు గోతులు పడి ఉంది. ఇరవై నాలుగో తేదీ, మంగళవారం. బడికి బయల్దేరబోతూ చెప్పులు వేసుకుంటున్నాను. కుట్టుమిషను దగ్గర కత్తెర కింద పడిన చప్పుడైంది. మళ్ళీ పడింది. వెళ్ళి చూస్తే సకీనా కుడిచేత్తో దాన్ని అందుకోబోతోంది. చెయ్యి రావడం లేదు. ఏదో అంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అంది. నేను తల ఊపాను.

అంబులెన్సు గోతుల్లో పడుతూ లేస్తూ ఏలూరు చేరేసరికి పన్నెండయింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చేతికి పట్టీ కట్టిస్తూ అడిగింది.

"బీపీ ఉందా అండీ?"

"ఉందండీ. అదుపులోనే ఉంది."

జేబులోంచి కార్డు తీసి ఇచ్చాను. ఇంట్లోంచి వచ్చేటప్పుడు మరిచిపోకుండా తెచ్చుకున్నాను. సెప్టెంబరు గడిలో నూట ఇరవై ఆరు, ఎనభై అని ఉంది. పన్నెండు రోజుల కిందటి తేదీ. డాక్టరమ్మ కార్డు చూసింది. పక్కన మిషను మీది అంకె చూసింది. రెండు వందల ఇరవై ఎనిమిది, నూట ముప్పై.

"ఈ కార్డు ఈవిడదేనా అండీ?"

"ఈవిడదేనండీ."

ఆమె కార్డు మడిచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది.

సకీనా శుక్రవారం మధ్యాహ్నం పోయింది. భీమడోలులో మావాళ్ళ పక్కన ఖననం చేశాం. ఆచారం ప్రకారం మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఆ మూడు రోజులూ రెండు పూటలా మెర్సీ ఇంటినుంచే అన్నం వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ ఆమే వడ్డించింది. మెహర్ తినకపోతే ముద్ద కలిపి నోట్లో పెట్టింది. వరండా స్తంభం దగ్గర నిలబడి ఆమె ఏడ్చినంతగా నేను ఏడవలేదు. ఏలూరులో చూసిన అంకె గుర్తొచ్చినప్పుడల్లా, ఆ రోజు పొద్దున్నే అలా పెరిగి ఉంటుందిలే అనుకున్నాను. అలాంటివి జరుగుతాయని డాక్టరు ఫణికిరణ్ గారు కూడా అన్నాడు.

నవంబరు రెండో వారంలో పరీక్షలకు రావలసినవాళ్ళు వచ్చారు. గేటుకు మామిడాకులు కట్టారని పిల్లలు చెప్పారు. నేను వెళ్ళలేదు. ఆ మధ్యాహ్నం నాకు పాఠం లేదు. స్టాఫు రూములో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఫోను మోగింది. తెలియని నంబరు.

"నమస్కారమండీ. సకీనా గారి నంబరేనా అండీ?" ఆడగొంతు. చాలా మర్యాదగా ఉంది.

"ఆవిడ భర్తనండీ. చెప్పండి."

"నాణ్యత పరీక్షకు వచ్చామండీ, మీ ఊరి ఆరోగ్య కేంద్రం సేవల గురించి రిజిస్టరులో కొందరి పేర్లు తీసి మాట్లాడుతున్నామండీ. రెండు నిమిషాలు చాలు. సకీనా గారికి బీపీ మాత్రలు నెలనెలా అందుతున్నాయా అండీ?"

"ఆవిడ లేరండీ."

"పర్లేదండీ, మీరు చెప్పినా చాలు."

"చనిపోయారండీ. సెప్టెంబరు ఇరవై ఏడున."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"క్షమించండి. ఇక్కడ అక్టోబరు పద్నాలుగున చూసినట్టుందండీ. నూట ఇరవై నాలుగు, ఎనభై. అదుపులో ఉంది అని..." అని ఆగింది. "ఇంకెవరి నంబరైనా పొరపాటున రాశారేమోనండీ."

"నంబరు సరైనదేనండీ. అది నాది."

ఆమె ముందు అచ్చు వేసిన కాగితం ఉన్నట్టుంది. దాన్ని పూర్తి చెయ్యాలి కాబట్టి అడిగిందేమో.

"కుటుంబ సభ్యులుగా, సేవల పట్ల మీ సంతృప్తిని ఒకటి నుంచి అయిదు వరకు... మీరు చెప్పదలచుకుంటేనేనండీ."

ఇరవై ఆరేళ్ళుగా మార్కులు వేస్తున్నాను. "నేను వెయ్యలేనండీ" అన్నాను. ఆమె మరోసారి క్షమించమని ఫోను పెట్టేసింది.

ఆ రోజు మిగిలిన పేపర్లన్నీ దిద్దాను. తప్పులు దిద్దానో లేదో తెలియదు.

శనివారం మెహర్ వచ్చినప్పుడు ఫోను సంగతి చెప్పాను. చెప్పకపోవడం ఎలాగో నాకు తెలియలేదు. అంతా విని, చాలాసేపు తల్లి కుట్టుమిషను వైపు చూస్తూ కూర్చుంది.

"అయితే ఆగస్టుది కూడా చూడకుండా రాసిందేనా అబ్బా?"

"తెలీదమ్మా."

"మీరు నాకు వేలుపెట్టి చూపించారు" అంది. ఆ తరువాత నాలుగు శనివారాలు పరీక్షలున్నాయని చెప్పి గూడెంలోనే ఉండిపోయింది.

మెర్సీ అరుగు మీదకు రావడం మానేసింది. నేను బడికి వెళ్ళిన తరువాత తలుపు తీసేదట. నేనూ అడగడానికి వెళ్ళలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్తుంది. చెప్పింది నమ్మాలో వద్దో నేను తేల్చుకోవాలి. ఆ పని వాయిదా వేస్తూ వచ్చాను.

డిసెంబరులో ఫలితం వచ్చింది. తొంభై ఒక్క శాతం. ఆరోగ్య కేంద్రం ముందు ఫ్లెక్సీ కట్టారు. డాక్టరు గారు బడికి స్వీట్లు పంపించాడు. చార్టులకు మంచి పేరొచ్చిందని నాకు ప్రత్యేకంగా చీటీ రాశాడు. ఆ సాయంత్రం బడి అయ్యాక నేను ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను.

ఓపీ వేళ దాటింది. బల్ల దగ్గర మెర్సీ ఒక్కతే ఉంది. ఆమె వెనక ఆకుపచ్చ తెరలు ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది.

"బీపీ రిజిస్టరు ఇవ్వమ్మా" అన్నాను.

ఎందుకని అడగలేదు. తీసి, పేజీ కూడా తిప్పి ఇచ్చింది. సకీనాది నూట అరవై రెండో నంబరు. జులై, ఆగస్టు, సెప్టెంబరు గడుల్లో అంకెలున్నాయి. అక్టోబరు గడి మీద తెల్లరంగు పూసి ఉంది. చివరి గడిలో ఒకే మాట. వలస.

"వలస ఏమిటి?"

"ఊరు విడిచి వెళ్ళినవాళ్ళకి అలా రాస్తాం అన్నయ్యా. అప్పుడింక మా లెక్కలోకి రారు." ఆమె గొంతు చాలా చిన్నగా ఉంది. "మీకు ఫోను చేసిన సంగతి తెలిశాక మార్చాం. చనిపోయారని రాస్తే ఎందుకు పోయారో కాగితాలు పెట్టమంటారు. బీపీ అదుపులో ఉన్న మనిషి దానితోనే ఎలా పోయిందని అడుగుతారు."

"ఎవరు రాయమన్నారు?"

డాక్టరు గారి గది వైపు చూసింది. మళ్ళీ తల దించుకుంది. "రాసింది నేనే."

"జులైలో చూశావా?"

"వచ్చాను కదన్నయ్యా. మీరు బళ్ళో ఉన్నారు. పాత మిషను తెచ్చాను. పట్టీలో గాలి నిలవలేదు. అంకె రాలేదు. వదిన, మళ్ళీ చూద్దువులే, ముందు టీ తాగు అన్నారు."

"మరి నూట ముప్పై?"

"జూనుది చూసి రాశాను."

"ఆగస్టులో?"

బల్ల మీది పెన్ను మూత బిగించింది.

"సెప్టెంబరులో?"

"గడి ఖాళీగా ఉంచద్దని మీరే అన్నారు కదన్నయ్యా." నన్ను తప్పుపడుతున్నట్టు అనలేదు. పాఠం ఒప్పజెప్పినట్టు అంది. "తరవాత సరిచూసుకుందాం అనుకున్నాను. వదిన ఎక్కడికి పోతారు, గోడ అవతలే ఉంటారు కదా అనుకున్నాను. మిగతావాళ్ళకన్నా వదినది రాయడమే నాకు తేలికనిపించింది. నన్ను అడగరని."

రిజిస్టరు ఆమె వైపు తిప్పాను.

"ఆ మాట కొట్టేసి, మరణం అని రాయమ్మా. తేదీ వెయ్యి."

"డాక్టరు గారు..."

"నువ్వు రాయి. ఆయనతో నేను చెప్తాను."

వలస మీద గీత గీసింది. పక్కన మరణం, 27-9 అని రాసింది. అక్షరాలు బాగానే వచ్చాయి. ఆ గదిలో ఇంకా నేను అడగవలసింది ఏముందో ఆలోచిస్తూ నిలబడ్డాను. కుర్చీ లాక్కుని కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాను.

"నాది చూడు" అన్నాను.

మెర్సీ లోపలికి వెళ్ళి అట్టపెట్టె తెచ్చింది. స్టిక్కరున్న మిషను. పట్టీ చుట్టింది. కదలకండి అన్నయ్యా, మాట్లాడకండి అంది. నేను మాట్లాడటం లేదు. పట్టీ బిగిసి, వదులైంది. అంకెను నాకు చూపించలేదు. తనే రెండుసార్లు చూసుకుంది.

"నూట యాభై రెండు, తొంభై ఆరు. మీకూ ఉందన్నయ్యా. మందు మొదలెట్టాలి." అప్పుడు ఏడ్చింది. "నిజంగానే అంతే ఉంది."

"సరేనమ్మా" అన్నాను.

బయటికి వచ్చి ఇంటివైపు తిరగలేదు. భీమడోలు బస్సు వస్తే ఎక్కాను. రైల్వే గేటు దగ్గర ఒక మందుల షాపులో బీపీ చూస్తారు. షాపాయన సత్యనారాయణమూర్తి గారు నాకు తెలిసినవాడే. కౌంటరు మీద చెయ్యి పెట్టమని పట్టీ చుట్టాడు.

"నూట యాభై, తొంభై ఆరు" అన్నాడు. "కాస్త ఎక్కువే మాస్టారూ. అయినా మీ ఊరి ఆస్పత్రికి మొన్న పెద్ద సర్టిఫికెటే వచ్చిందట కదండీ, దీనికోసం ఇంత దూరం వచ్చారేవండీ?"

ఆయన ముందున్న మిషను అద్దంలో అంకె ఇంకా వెలుగుతోంది. నేను వంగి స్వయంగా చదువుకున్నాను. తరువాత చెయ్యి తీయకుండా, మరోసారి చూడండి అన్నాను.